ఇరవై ఎనిమిది వేల దగ్గర

1996 అక్టోబరు 7, సోమవారం

మధ్యాహ్నం రెండూ ఇరవైకి పై అంతస్తులో సెల్ పగిలింది. కొన్నో మిచిరు ఎడమ కన్ను.

ఇంతకంటే రాయలేను.

అక్టోబరు 8, మంగళవారం

బ్యాంకువాళ్ళు ఊరికే ఇచ్చిన ఈ డైరీ జనవరి నుంచీ ఖాళీగానే ఉంది. ముప్పై నాలుగేళ్ళుగా యూనివర్సిటీ వర్క్‌షాప్ పుస్తకంలో రోజూ రాస్తూనే ఉన్నాను, ఏ కడ్డీ కోశాను, ఎంత మందం, ఎవరికిచ్చాను అని. అందులో రాయడానికి వీల్లేనిది రాసుకోవాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

నిన్న నేను లేత్ దగ్గరున్నాను. బరువైన సొరుగు గట్టిగా మూసినట్టు ఒక్క చప్పుడు. మిగతావాళ్ళు తలెత్తి మళ్ళీ పనిలో పడ్డారు. నాకు తెలిసిపోయింది. మెట్లెక్కి వెళ్ళేసరికి పరిశోధన విద్యార్థిని కొన్నో ప్రెస్ పక్కన నేల మీద కూర్చుని ఉంది. కంటి మీద చెయ్యి, వేళ్ళ సందుల్లోంచి రక్తం. ఏడవడం లేదు. నన్ను చూసి, "ఒయికవా గారూ, మీ సెల్ పాడు చేశాను. క్షమించండి" అంది.

ఆ మాటే అంది.

ఎల్లుండి విచారణ కమిటీ ముందు చెప్పాల్సింది ఒకసారి ఇక్కడ రాసి చూసుకుంటాను.

సెల్ నంబరు 63. అరచేతిలో పట్టే లోహపు స్తంభం. లోపల నికెల్ గొట్టం, దాని మీద బెరిలియం కలిపిన రాగితో మందపు తొడుగు. నట్టనడుమ నూనెలో బియ్యపు గింజంత మిశ్రలోహపు ముక్క. పైనుంచి ప్రెస్‌తో నొక్కి, ఆ నొక్కుడు సడలకుండా మర బిగించి, తరవాత ద్రవ హీలియంలో ముంచుతారు. మామూలు గాలి పీడనానికి ముప్పై వేల రెట్ల దాకా ఓర్చుకోవాలి. బయటి తొడుగు సెప్టెంబరు 12న కోశాను. గట్టిపడటానికి ఫర్నేసులో పెట్టాను. కాఠిన్యం కొలిచాను. 41. సెప్టెంబరు 20న కొన్నోకి ఇచ్చాను.

చదివితే సరిగానే ఉంది.

అక్టోబరు 10, గురువారం

కమిటీలో ముగ్గురు. పెద్ద ప్రొఫెసర్ ఇషిజాకా అధ్యక్షుడు. కొన్నో గురువు హతకెయామా సార్ ఓ మూల కూర్చున్నాడు, రెండు రోజుల గడ్డంతో. ప్రెస్ గేజికి ఎర్రముల్లు ఒకటి ఉంటుంది, నొక్కుడు ఎంత ఎత్తుకు పోయిందో అక్కడే ఆగిపోయేది. అది ముప్పై నాలుగు వేల దగ్గర ఆగి ఉందట. అంటే కొన్నో హద్దు దాటి నొక్కింది. తాను ఇరవై ఎనిమిది దగ్గర ఆపానని ఆసుపత్రి నుంచే చెప్పి పంపిందట.

నన్ను అడిగారు. పుస్తకం తెరిచి చూపించాను. 41. ఇషిజాకా గారు పుస్తకం ముట్టుకోను కూడా లేదు. ఒయికవా చేసినదాంట్లో తప్పు వెతకడం మన పని కాదు అన్నారు. మిగతా ఇద్దరూ తలూపారు.

పది నిమిషాల్లో బయటికొచ్చాను. కాళ్ళు తేలిగ్గా అనిపించాయి. ఆ సంగతి రాసి పెట్టుకోవాలి, కాళ్ళు తేలిగ్గా అనిపించాయి.

అక్టోబరు 11, శుక్రవారం

కొలిచాను. 41.

అక్టోబరు 14, సోమవారం

చేతులు ఊరుకోవడం లేదు. పొద్దున్నుంచి లేత్ తుడుస్తున్నాను, పని లేకపోయినా. హీలియం పాత్రలు తోసుకుంటూ వచ్చిన కుమగాయ్ గుమ్మంలో ఆగి చాలాసేపు చూశాడు.

"పెద్దాయనా, అది లేతు. పెళ్ళికూతురు కాదు. ఇంక తుడిస్తే అరిగిపోతుంది" అన్నాడు.

నవ్వాను. వాడు నవ్వలేదు. కొన్నో కంటికి రెండో ఆపరేషన్ అయిందనీ, వెలుతురు తప్ప ఇంకేమీ కనబడదని తేల్చారనీ చెప్పాడు. ఆ పిల్ల కోసం వారానికి మూడు పాత్రల హీలియం మోశాను, ఇప్పుడు ఎవడి కోసం మొయ్యను అంటూ పోయాడు.

వసంతకాలంలో కొన్నో గ్రాఫు కాగితం పట్టుకుని నా దగ్గరికి దిగొచ్చింది. నేను చదివింది హైస్కూలు. నాకెందుకమ్మా అంటే, మీ సెల్ లోపల ఏం జరుగుతోందో మీకు తెలియకపోతే ఎలా అంది. సీసమూ తగరమూ బాగా చల్లబడితే కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. దాన్నే అతివాహకత అంటారు. కానీ వాటిని నొక్కితే ఆ గుణం సన్నగిల్లుతుంది, ఇంకా ఇంకా చల్లబరిస్తే తప్ప రాదు. చాలా లోహాల తీరు అదేనట. తన లాంథనం మిశ్రలోహం మాత్రం నొక్కినకొద్దీ బలపడుతోంది. ఎంత నొక్కితే అంత వెచ్చదనంలోనే అడ్డు తొలగిపోతోంది. కాగితం మీద చుక్కలు ఒకదాని పైన ఒకటి మెట్లలా ఎక్కుతున్నాయి. ఇరవై అయిదు వేల దాకా వెళ్ళింది. ఆపైన ఏముందో ఎవరూ చూడలేదు, చూడాలంటే మీరు ఇంకో సెల్ చేసిపెట్టాలి అంది.

అదే 63.

అక్టోబరు 19, శనివారం

ఆసుపత్రికి వెళ్ళాను. మా ఆవిడ ఫుమియే తను పనిచేసే కొట్టు నుంచి చేప కేకులు కట్టిచ్చింది. కొన్నో మంచం మీద కూర్చుని, ఉన్న కంటితో పాత లెక్కల నోటుబుక్కు చూస్తోంది. నన్ను చూసి సర్దుకుంది. కాసేపు వాతావరణం గురించి మాట్లాడాము. తరవాత అడిగింది.

"ఒయికవా గారూ, నా చేతికి ఇరవై ఎనిమిదే గుర్తు. ముల్లు ఇరవై ఎనిమిది మీద నిలబడింది, నేను ప్రెస్ పంపు వదిలేశాను, ఆవిరిగా ఉందని గేజి అద్దం తుడవబోయాను. ముప్పై నాలుగు ఎలా అయింది? నేను నొక్కి మరిచిపోయానా?"

"అలాంటప్పుడు ఎవరికీ సరిగ్గా గుర్తుండదమ్మా" అన్నాను.

ఓదార్పుగానే అన్నాను. దెబ్బ తగిలిన మనిషిని ఇంకా తవ్వకూడదు. డాక్టరైనా అదే చెప్తాడు.

ఆమె తల ఊపి నోటుబుక్కు మూసేసింది.

అక్టోబరు 26, శనివారం

ఏటా మాదిరే మా విభాగం నది ఒడ్డున చేమదుంపల పులుసు వండుకుంది. మానేద్దామని కొందరన్నారు, మానేస్తే ఇంకా దిగులుగా ఉంటుందని హతకెయామా సార్ అన్నాడు. వంట ఎప్పుడూ నాదే. పులుసులో ఉప్పు రెండుసార్లు వేశాను. అందరూ తినేశారు.

అక్టోబరు 30, బుధవారం

ఒక తొడుగు కోయడానికి కడ్డీ బిగించి, మళ్ళీ విప్పేశాను. మధ్యాహ్నం మళ్ళీ బిగించాను. విప్పేశాను.

నవంబరు 5, మంగళవారం

పదకొండు గంటలకు వర్క్‌షాప్ గుమ్మంలో ఒకావిడ నిలబడింది. పొట్టిగా, ముఖం సముద్రపు గాలికి నల్లబడి. కెసెన్నుమా నుంచి వచ్చానంది. కొన్నో తల్లి. కూతురిని ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిందట, రైలుకి ఇంకా టైముందట.

కుర్చీ వేశాను, కూర్చోలేదు. గుడ్డలో కట్టిన పెట్టె రెండు చేతులతో అందించి, నడుము సగానికి వంచి, అలాగే ఉండిపోయింది.

"మా పిల్ల మీరు చేసిన వస్తువు పగలగొట్టింది. ఇన్నేళ్ళలో మీది ఒక్కటీ పగల్లేదట గదా. మీ పేరుకి మచ్చ తెచ్చింది. కన్నతల్లిని, క్షమించమని అడగడానికి వచ్చాను."

నేనేం అన్నానో సరిగ్గా రాయాలి. "పరవాలేదండీ" అన్నాను.

పరవాలేదు అన్నాను. పెట్టె తీసుకున్నాను. ఆవిడ ఇంకోసారి వంగి, లేత్‌నీ గోడకి వేలాడే పనిముట్లనీ ఒకసారి చూసి, ఇక్కడికి రావడమంటే మా మిచిరుకి ఇష్టం అని చెప్పి వెళ్ళిపోయింది.

పెట్టెలో తీపి పట్టించి ఎండబెట్టిన చేపలు. ఫుమియే చూసి సంబరపడింది. పాతికేళ్ళుగా చేపల కొట్టులో ఉన్న మనిషి, ఇంత శ్రద్ధగా ఎండబెట్టినవి తను చూడలేదంది. కాల్చి పెట్టింది. నేను ముట్టుకోలేదు.

"ఎవరిచ్చారు?" అంది. చెప్పాను.

"ఏమండీ, కన్ను పోయింది వాళ్ళ పిల్లకి. ఆ తల్లి మీకెందుకు క్షమాపణ చెప్పాలి?"

సెల్ నాది కాబట్టి అన్నాను.

"అదే అడుగుతున్నాను. సెల్ మీది కదా" అంది ఫుమియే. తన చేప తను తింది.

నవంబరు 6, బుధవారం

సెప్టెంబరు 12 గురువారం. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి మా భవనమంతా కరెంటు ఆపారు, తీగలు మార్చడానికి. ముందే నోటీసు ఇచ్చారు, నాకే గుర్తులేదు. తొడుగు ఫర్నేసులో మూడు గంటలు ఉండాలి. నేను పెట్టింది రెండింటికి. గంటకే తీసేయాల్సి వచ్చింది. మర్నాడు మళ్ళీ పెడదామనుకుని బల్ల మీద ఉంచాను.

మర్నాడు శుక్రవారం పెట్టాను.

ఫర్నేసుకి వేరే పుస్తకం ఉంటుంది. ఈరోజు తెరిచి చూశాను. శుక్రవారం ఖాళీగా ఉంది. రాయడం మరిచి ఉంటాను.

నవంబరు 7, గురువారం

పెట్టే ఉంటాను.

నవంబరు 8, శుక్రవారం

సెప్టెంబరు 13 శుక్రవారం పొద్దున హతకెయామా సార్ శీతలపాత్ర కారుతోందని పరుగెత్తుకొచ్చాడు. హీలియం అంతా గాలిలో కలిసిపోతోందని కుమగాయ్ గోల. మూత కొత్తది కోసేసరికి సాయంత్రం ఆరు. అదంతా వర్క్‌షాప్ పుస్తకంలో నా రాతతోనే ఉంది. ఫర్నేసు మాట లేదు.

సోమవారం పెట్టి ఉంటానేమో.

సోమవారం పేజీ కూడా చూశాను.

నవంబరు 11, సోమవారం

పగిలిన ముక్కలు నా సొరుగులోనే ఉన్నాయి. కమిటీ వాటిని అడగనే లేదు. అడగకపోవడానికి కారణం నా పుస్తకం.

అందరూ భోజనానికి వెళ్ళాక పెద్ద ముక్క తీశాను. నూనె పోస్తూ, బెరిలియం విషపు దుమ్ము లేవకుండా, ఒక పక్క చదును చేశాను. కాఠిన్యం కొలిచే యంత్రం కింద పెట్టాను. ముల్లు కదిలేలోగానే తెలిసిపోయింది. అసలు ఆకురాయి కింద పెట్టినప్పుడే తెలిసింది, మెత్తగా తెగింది.

27. పక్కన 26. ఇంకో చోట 27.

నేను కొలవలేదు. గురువారం సగం కాలిన తొడుగుని వారం తరవాత బల్ల మీద చూసి, కాలిందే అనుకుని, పుస్తకంలో 41 రాశాను. ఎప్పుడూ నలభై, నలభై ఒకటి, నలభై రెండు వస్తాయి కాబట్టి. ఎన్నిసార్లు ఇలా కొలవకుండా రాశానో ఇప్పుడు చెప్పలేను. ఇదొక్కసారే అని రాయబోయాను. రాయడం లేదు.

నవంబరు 12, మంగళవారం

హతకెయామా సార్ గదికి వెళ్ళి చెప్పాను. ముక్కలు బల్ల మీద పెట్టాను. ఆయన లేచి తలుపు మూశాడు. చాలాసేపు ముక్క తిప్పి చూశాడు. నాకన్నా పదకొండేళ్ళు చిన్నవాడు, ఒక్కసారిగా నాకంటే పెద్దవాడిలా కనబడ్డాడు.

నివేదిక పైకి వెళ్ళిపోయింది అన్నాడు. ఇప్పుడు ఇది బయటపడితే వర్క్‌షాప్ మూసేస్తారు, ఎప్పటినుంచో అందుకే కాచుకుని ఉన్నారు, పనంతా బయటి కంపెనీలకిచ్చేస్తారు. అప్పుడు మిగతా పన్నెండుమంది విద్యార్థుల గతేమిటి అన్నాడు. మీకింక రెండేళ్ళే సర్వీసు ఉంది అన్నాడు. ఇవన్నీ నిజాలే. ఆఖరికి మాత్రం నా వైపు చూడకుండా అన్నాడు.

"ఒయికవా గారూ, ఇది చెప్పినంత మాత్రాన ఆ కన్ను తిరిగి రాదు."

ముక్కలు తీసుకుని వచ్చేశాను.

నవంబరు 13, బుధవారం

పన్నెండుమంది విద్యార్థులు. వాళ్ళ సంగతి కూడా చూడాలి.

నవంబరు 14, గురువారం

కన్ను తిరిగి రాదు. అది నిజమే.

నవంబరు 16, శనివారం

ఊరంతా నడిచాను. జెల్కోవా చెట్ల ఆకులు రాలిపోయాయి. స్టేషన్ దాకా వెళ్ళి, కెసెన్నుమా రైళ్ళ వేళలు చూసి, తిరిగి నడిచి వచ్చాను. కోటు ఎందుకు తడిసిందని ఫుమియే అడిగింది. వాన పడిందని కూడా నేను గమనించలేదు.

నవంబరు 20, బుధవారం

కుమగాయ్ వచ్చి తలుపు దగ్గరే చెప్పాడు. కొన్నో చదువు మానేస్తున్నట్టు కాగితం పంపిందట. ప్రెస్ ఎంత నొక్కిందో ఆ పిల్లకే తెలియకపోతే, ఇన్నాళ్ళూ రాసిన లెక్కలు ఎలా నమ్మాలి అని హతకెయామా సార్ పత్రికకి పంపిన వ్యాసం కూడా వెనక్కి తీసుకున్నాడట. కాగితంలో కొన్నో ఒక్క కారణమే రాసింది. తన చేతిని తనే నమ్మలేని మనిషి ప్రెస్ దగ్గర ఉండకూడదు.

"పిచ్చిపిల్ల" అన్నాడు కుమగాయ్. "పెద్దాయనా, ఆ పిల్ల నా పాత్రల మీద సున్నా గీత కూడా తప్పు చదివింది లేదు. ముప్పై నాలుగంట."

నేను లేత్ వైపు తిరిగి నిలబడ్డాను. వాడు వెళ్ళేదాకా తిరగలేదు.

ఆసుపత్రిలో నేనన్న మాట ఆమె పంపిన కాగితంలో ఉంది. నా మాటే, తన మాటల్లో.

నవంబరు 23, శనివారం

సెలవు. ఉదయం ఏడింటి రైలు. రెండు చోట్ల మారాలి. ఫుమియేకి నిన్ననే అంతా చెప్పాను. వింటూ గిన్నెలు తోమింది. "మధ్యాహ్నం అన్నం అక్కడ తినకండి, వాళ్ళకి ఇబ్బంది" అని మాత్రం అని, పొద్దున్నే అన్నం ముద్దలు చుట్టిచ్చింది.

వాళ్ళ ఇల్లు రేవు వెనక వీధిలో. తండ్రి పడవ మీద ఉన్నాడు. తల్లి నన్ను చూసి మళ్ళీ వంగబోయింది. నేను ముందు వంగాను, మోకాళ్ళ మీద, చేపలు ఎండేసే చాపల మధ్య. కొన్నో లోపలినుంచి వచ్చింది. కంటికి తెల్ల గుడ్డ. చేతికి రబ్బరు తొడుగులు, చేపలు చీలుస్తున్నట్టుంది.

చెప్పాను. గురువారం కరెంటు ఆగడం, శుక్రవారం, పుస్తకం, కొలవకుండా రాసిన అంకె, కమిటీ, ఆసుపత్రిలో ఆమె అడిగినప్పుడు నేనన్న మాట. ముక్కలు ఆమె ముందు పెట్టాను. తల్లి ఏదో అనబోతే కొన్నో చెయ్యి అడ్డం పెట్టింది.

ముక్క అంచుని వేలితో తడిమింది. తరవాత అడిగింది. "ఎంత వచ్చింది?"

"ఇరవై ఏడు."

"ఎన్ని చోట్ల కొలిచారు?"

"మూడు."

చేతి తొడుగులు విప్పి లోపలికి వెళ్ళి, సూపర్‌మార్కెట్ కరపత్రం వెనక తెల్లగా ఉన్నది తెచ్చింది, పెన్సిలూ. నేల మీదే కూర్చుని లెక్క మొదలెట్టింది. తొడుగు మందం నన్నడిగింది, చెప్పాను. లోపలి గొట్టం వ్యాసం అడగలేదు, తనకే గుర్తుంది. ఒక కన్నుతో దూరం కుదరక, పెన్సిల్ మొన ఒకటి రెండుసార్లు గీతకి పక్కన పడింది. తుడిచి మళ్ళీ రాసింది. పావుగంట పట్టింది. తల్లీ నేనూ చూస్తూ నిలబడ్డాము.

"ఇంత మెత్తటి తొడుగైతే లోపలి గొట్టం ఇరవై ఏడున్నర వేలకీ ఇరవై ఎనిమిదిన్నర వేలకీ మధ్య చీలుతుంది" అంది. "అప్పుడు ప్రెస్ దిమ్మ ఒక్కసారిగా దిగుతుంది. ఆ కుదుపుకి ఎర్రముల్లు ఎగురుతుంది. ముప్పై నాలుగు కుదుపుది. నాది కాదు."

కాగితం తల్లికి చూపించింది, ఆవిడకి ఆ లెక్క తెలియదని మరిచిపోయినట్టు. "అమ్మా, నేను ఇరవై ఎనిమిది దగ్గరే ఆపాను."

అప్పుడు ఏడ్చింది. కన్ను పోయినప్పుడు నేను చూడని ఏడుపు. తల్లి పక్కన కూర్చుని వీపు రాస్తూ ఉండిపోయింది.

కాసేపటికి తలెత్తింది. ముఖం వేరేగా ఉంది.

"నలభై ఏడు రోజులు. నలభై ఏడు రోజులుగా నేను నా చేతిని చూసుకుని భయపడుతున్నాను. టీ పోసుకోవాలన్నా రెండుసార్లు చూసుకుంటున్నాను. కన్ను సంగతి వేరు. ప్రెస్ దగ్గర పనిచేసేవాళ్ళకి అలాంటివి అవుతాయని తెలిసే వచ్చాను. ఇది ఎందుకు చేశారు మీరు?"

భయమేసింది అన్నాను. అదే నిజం.

"నాలుగూ పదికి రైలుంది" అంది కొన్నో. "దానికి వెళ్ళండి. ముక్కలు ఇక్కడ వదలండి."

గుమ్మం దాకా ఎవరూ రాలేదు. రైలులో అన్నం ముద్దలు గుర్తొచ్చాయి. తిన్నాను. ఆకలిగా ఉండటం సిగ్గుగా అనిపించింది.

నవంబరు 25, సోమవారం

ఇషిజాకా గారికి ఉత్తరం రాసి చేతికిచ్చాను. మూడు పేజీలు. చదివి, ఇది మీరు ఇచ్చినట్టు నేను చూడలేదని అనుకోవచ్చు అన్నారు. చూసినట్టే అనుకోండి అన్నాను. ఎన్నడూ ఆయనకి ఎదురుచెప్పలేదు.

డిసెంబరు 2, సోమవారం

పిలుపు లేదు.

డిసెంబరు 9, సోమవారం

ఇంకా లేదు. హతకెయామా సార్ వరండాలో ఎదురై తల దించుకుని పోయాడు. తరవాత తెలిసింది, శనివారం ఆయనే కెసెన్నుమా వెళ్ళాడట. కొన్నో కాగితం వెనక్కి తీసుకుందట. ఆమె లెక్క చేసిన కరపత్రం చూశాక ఆయన ఏమన్నాడో ఎవరికీ చెప్పలేదు.

డిసెంబరు 20, శుక్రవారం

నివేదిక సవరించారు. ఒక వాక్యం. ప్రమాదానికి కారణం సాంకేతికమైనది, విద్యార్థిని తప్పు నిర్ధారణ కాలేదు. నా పేరు లేదు. అంకె లేదు. నన్ను సామాన్ల గదికి మార్చారు, యంత్రాలు ముట్టుకోకూడదు. వర్క్‌షాప్ ఏప్రిల్ నుంచి మూత. హతకెయామా సార్ చెప్పినట్టే అయింది. పన్నెండుమందిలో ముగ్గురు నాతో మాట్లాడటం మానేశారు. ఒకడు మాత్రం వచ్చి తన సెల్ కూడా కొలిచి చూడమన్నాడు. కొలిచే యంత్రం ముట్టుకునే వీల్లేదు నాకు. అదే చెప్పాను.

ఇంట్లో ఫుమియే అడిగింది, నిద్ర పడుతోందా అని. లేదన్నాను. "పడుతుందిలెండి, తొందరేముంది" అంది.

నిర్ధారణ కాలేదు అంటే ఏమిటి? చెయ్యలేదు అని రాయడానికి వాళ్ళకేం పోయింది? మూడు పేజీల ఉత్తరంలో ఆ మాటే ఆరుసార్లు రాశాను.

ఆగస్టు 6, బుధవారం

1997. ఈ డైరీ పేజీలు ఎప్పుడో అయిపోయాయి. వెనక ఫోన్ నంబర్లకి వదిలిన కాగితాల మీద రాస్తున్నాను.

ఊరంతా తనబాత పండగ. కాగితపు తోరణాల కింద జనం, స్టేషన్ నుంచి నడవడానికే ముప్పావుగంట పట్టింది. ఇలాంటి రోజున కొన్నో డాక్టరేట్ పరీక్ష పెట్టినందుకు కుమగాయ్ దారిపొడుగునా తిడుతూనే ఉన్నాడు. వాడే బలవంతంగా లాక్కొచ్చాడు నన్ను. నేను రానన్నాను. ఎనిమిది నెలల్లో కొన్నో సామాన్ల గదికి నాలుగుసార్లు వచ్చింది. కావాల్సిన మరల నంబరు చెప్పి, తీసుకుని, సంతకం పెట్టి వెళ్ళింది. అంతే. బయటి కంపెనీ చేసిన కొత్త సెల్‌తో మళ్ళీ మొదటినుంచీ అన్నీ కొలిచిందని మాత్రం కుమగాయ్ వల్ల తెలుసు.

వెనక వరసలో తలుపు పక్కన కూర్చున్నాను. ముందు వరసలో ఇషిజాకా గారు, ఇంకా నలుగురు పరీక్షకులు. కొన్నో నల్ల కోటులో. ఎడమవైపు నుంచి ఎవరైనా పలకరిస్తే తలంతా తిప్పి చూస్తోంది.

తెర మీద గీత పడింది. నాకు చూపించిన గీతే, ఇప్పుడు ఇంకా పొడుగ్గా. చుక్కలు ఎక్కుతూ ఎక్కుతూ ఇరవై తొమ్మిది వేల దగ్గర ఆగి, పక్కకి తిరిగాయి. ఆపైన ఎంత నొక్కినా పెరగడం లేదు. అక్కడ లోహం లోపలి అమరిక మారుతోందని నా అనుమానం, రుజువు లేదు అంది. 63కి ముందరి పాత సెల్‌తో కొలిచిన చుక్కలు ఎర్రగా, కొత్తవి నల్లగా వేసింది. ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇరవై అయిదు దాకా.

ఇషిజాకా గారు చెయ్యెత్తారు.

"ఎర్ర చుక్కలు ఎలా వాడతారు? ఆ ప్రెస్ మీద మీరు ఎంత నొక్కారో అనుమానం ఉంది కదా. సెల్ రికార్డు చూస్తే లోపం లేదు. నలభై ఒకటి."

"ఆ రికార్డు తప్పండీ" అంది కొన్నో. "తొడుగు కాఠిన్యం ఇరవై ఏడు. నేను ఇరవై ఎనిమిది వేల దగ్గర ఆపాను, సెల్ అక్కడే పగిలింది. లెక్క అనుబంధంలో ఉంది."

"రికార్డు తప్పని మీరు అంటే సరిపోదు."

"నేననడం లేదు. రాసినవారే అన్నారు." తల ఇటు తిప్పింది, గది మొత్తం దాటి, నా దాకా. "ఆయన ఇక్కడే ఉన్నారు. అడగండి."

అందరి తలలూ తిరిగాయి. ఇషిజాకా గారిది ఆఖరున తిరిగింది. ఆయన అడగలేదు. ఎవరూ అడగలేదు. హతకెయామా సార్ చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తున్నాడు. పక్కనున్న కుమగాయ్ నన్ను తాకను కూడా లేదు.

లేచి నిలబడ్డాను.

"అవునండీ" అన్నాను. "కొలవకుండా రాశాను. కొన్నో గారు హద్దు దాటలేదు."

ఎక్కువ గట్టిగా రాలేదు గొంతు. కానీ గది నిశ్శబ్దంగా ఉంది, వినబడే ఉంటుంది. పరీక్షకుల్లో ఒకాయన ఏదో రాసుకున్నాడు. ఇషిజాకా గారు ముందుకి తిరిగిపోయారు. కూర్చోమని ఎవరూ అనలేదు, నాకై నేను కూర్చోవచ్చో లేదో తెలియలేదు. కొన్నో నా వైపు ఇంకోసారి చూడలేదు. కాగితాలు సర్దుకుంది.

"తరవాతి పటం వెయ్యండి" అంది.

లైట్లు ఆర్పారు. అప్పుడు కూర్చున్నాను. చివరిదాకా విన్నాను.